కవరు కట్టే ముందు

కరవు జిల్లాలో కుళ్లు గురించి రాయడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అనంతపురం. దేశంలో జైసల్మేరు తరవాత అతి తక్కువ వాన పడే జిల్లా అని దానికి పేరు. తడి లేనిచోట బూజెక్కడిది, బూజు లేనిచోట కుళ్లెక్కడిది? ద్రాక్ష ఈ గడ్డకు వచ్చింది కూడా ఆ లెక్కతోనే. పొడిగాలి, నిండుగా కాసే ఎండ, బోరు కింద డ్రిప్ ఉంటే చాలు, కాయకు తీపి ఎక్కుతుంది, మందుల ఖర్చు తగ్గుతుంది.

లెక్క సగమే నిజం. వాన ఎంత పడిందన్నది వేరుశనగకు ప్రశ్న. ఏ రోజు పడిందన్నది ద్రాక్షకు ప్రశ్న. ఏడాదంతా ఎండి, గుత్తి చేతికొచ్చే వారంలో రెండు రాత్రులు ముసురు పట్టినా పందిరి కింద పరిస్థితి మారిపోతుంది. అందుకే గుత్తికి కవరు కట్టాలన్న ఆలోచన ఇక్కడా వచ్చింది. కట్టినవాళ్లలో కొందరు కవరు విప్పేసరికి లోపల మెరిసే పండ్లు చూశారు. కొందరు నల్లబూజు పట్టిన గుత్తులు చూశారు. ఒకే రకం కవరుతో రెండు ఫలితాలు ఎందుకొస్తాయన్నది ఈ వ్యాసం పట్టుకున్న ప్రశ్న. జవాబు ముందే చెబుతాను. కవరు గోడ మాత్రమే, మందు కాదు. బయటిది లోపలికి రానివ్వదు, లోపల ఉన్నదాన్ని బయటికి పంపనూ పంపదు.

పందిరి కింది పంచాంగం

దక్షిణాదిలో చాలా ద్రాక్షతోటలకు ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక పంట. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మను తయారు చేయడానికి, అక్టోబరు కత్తిరింపు గుత్తి కోసం. అక్టోబరులో కత్తిరించిన తోట నవంబరులో పూతకు వస్తుంది. డిసెంబరులో కాయ బఠాణీ గింజంత అవుతుంది, జనవరిలో మెత్తబడుతుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకు వస్తుంది.

ఈ పట్టిక పక్కన అనంతపురం వానల పట్టిక పెట్టి చూడాలి. ఇక్కడ వాన ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. ఆ తరవాత ఈశాన్య రుతుపవనాల తుపానులు. 2021 నవంబరులో చిత్రావతి పొంగిన వానలు, 2022 అక్టోబరులో నడిమివంక అనంతపురం పట్టణంలోకి వచ్చిన వానలు జిల్లా మరచిపోలేదు. అంటే లేతచిగురు, పూగుత్తి ఏడాదిలోకెల్లా తడిగా ఉండే రోజుల్లో పుడుతున్నాయి. కాయ ముదిరేది మాత్రం పొడి నెలల్లో. మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి గాలిదుమారం, వడగళ్లు, అకాల వానలు. కోత ఆలస్యమైన తోటకు అదో గండం.

ఇందులోంచి ఒక సంగతి తేలుతుంది. మన దగ్గర కవరు కట్టేది డిసెంబరు ఆఖరునో జనవరిలోనో. అప్పటికి వానగండం చాలావరకు దాటిపోయి ఉంటుంది. ఆ తరవాత కవరు ఆపేది ఎక్కువగా ఎండను, దుమ్మును, పిట్టలను, గబ్బిలాలను, కందిరీగలను. ఇక కవరులో కనిపించే కుళ్లు చాలావరకు బయటినుంచి వచ్చింది కాదు, నవంబరులోనే గుత్తిలో చేరి కూచున్నది. కుళ్లు ఫిబ్రవరిలో కనిపిస్తుంది కాబట్టి తప్పు కవరు మీదికి పోతుంది.

కుళ్లు ఒకటి కాదు

తోటలో అన్నిటినీ కలిపి కుళ్లు అంటాం గాని, వేళను బట్టి విడదీస్తే మూడు తెగలున్నాయి.

మొదటిది లేతకాయ తెగుళ్లు. డౌనీ మిల్డ్యూ అని రైతులు పిలిచే బూజు తెగులు, బూడిద తెగులు, పక్షికన్ను తెగులు ఈ కోవలోవి. బూజు తెగులుకు ఆకు మీదా కాయ మీదా నిలిచిన నీరు కావాలి. అది కాయలోకి దూరేది దాని చర్మం మీది సన్నని రంధ్రాల గుండా. పూత అయిన మూడు నాలుగు వారాలకు ఆ రంధ్రాలు పనిచేయడం మానేస్తాయి, ఆ దారి మూసుకుపోతుంది. బూడిద తెగులు కూడా దాదాపు ఆ వయసు దాటాక కొత్తగా కాయకు అంటుకోవడం కష్టం. అయితే దానికి నీటిచుక్క అక్కరలేదు. పొడి వాతావరణంలో, నీడగా ఉండే గుబురులో హాయిగా పెరుగుతుంది. అనంతపురం లాంటి చోట దీన్ని తక్కువగా చూడకూడదు. బూడిద పట్టిన కాయ చర్మం సాగదు. లోపల గుజ్జు పెరిగినప్పుడు చిట్లుతుంది, ఆ చీలిక మిగతా కుళ్లులకు తలుపవుతుంది.

రెండోది దాగి ఉండే కుళ్లు. కొల్లెటోట్రైకమ్ జాతి శిలీంధ్రాలు పూత నాడో పిందె నాడో చర్మం కింద చేరి, చక్కెర ఎక్కేదాకా కదలవు. పండు పక్వానికి రాగానే గోధుమరంగు మచ్చగా లేచి, కాయను ముడుచుకుపోయేలా చేస్తాయి. బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజుకూ ఈ గుణం ఉంది. కానీ దానికి చల్లదనం ఇష్టం. ఐరోపా పుస్తకాలు పేజీలకు పేజీలు రాసే ఈ బోట్రైటిస్ మన ఎండకు అంతగా నిలవదు.

మూడోది గాయం మీద వచ్చే కుళ్లు. మన వేడికి సరిపోయే ఆస్పర్జిల్లస్ నైగర్ అనే నల్లబూజు, రైజోపస్ ఈ తెగవి. వీటికి తోడు ఈస్టులు, పులుపు పుట్టించే బ్యాక్టీరియా, వాటిని మోసే చిన్న ఈగలు. ఇవేవీ మంచి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోలేవు. పిట్ట పొడిచిన చోటు, కందిరీగ కొరికిన చోటు, కాయలు ఒకదాన్నొకటి నొక్కుకుని చిట్లిన చోటు కావాలి. అక్కడ రసం కారిందంటే రెండు మూడు రోజుల్లో పులిసిన వాసన వస్తుంది. ఒక్క కాయ రసం గుత్తంతా కారి పక్క కాయలను పాడుచేస్తుంది.

కవరు నిజంగా ఉపయోగపడేది ఈ మూడో తెగ మీదే. గాయం చేసేవాళ్లను అది ఆపుతుంది. మొదటి తెగ దాటిపోయాక కడతాం. రెండో తెగను కవరు తాకలేదు.

సంచి కట్టిన ఊళ్లు

సంచి ఆలోచన పాతది. 1880లలో అమెరికా తూర్పు రాష్ట్రాల ద్రాక్షతోటలను నల్లకుళ్లు ఊడ్చిపెట్టినప్పుడు, అక్కడి రైతులు కిరాణా కొట్టు కాగితపు సంచులను గుత్తులకు తొడిగి సూదులు గుచ్చేవారు. నీరు నిలవకుండా అడుగు మూలలు కత్తిరించేవారు. ఫ్రాన్సులో మిల్లార్దె అనే శాస్త్రవేత్త 1885లో మైలతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని లోకానికి చాటాక, మందు చవక, సంచి ఖరీదు అని తేలి ఆ అలవాటు వెనక్కి తగ్గింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ప్రశ్న అదే: చల్లడమా, తొడగడమా?

మనకు దగ్గరగా ఉండే ఉదాహరణ స్పెయిన్‌లోని వినలొపొ లోయ. మనకంటే వాన తక్కువ పడే ప్రాంతం అది. గుత్తిని తొలిచే చిమ్మటను ఆపడానికి 1920 ప్రాంతంలో అక్కడ కాగితపు సంచులు మొదలయ్యాయి. తరవాత అవే ఆ ఊళ్ల గుర్తింపు అయ్యాయి. కనీసం 60 రోజులు సంచిలో ఉన్న ద్రాక్షకే వినలొపొ సంచి ద్రాక్ష అన్న పేరు దక్కుతుంది. డిసెంబరు 31 అర్ధరాత్రి స్పెయిన్ జనం గంట కొట్టినప్పుడల్లా ఒక్కొక్కటి చొప్పున తినే 12 ద్రాక్షపళ్లలో చాలా వాటికి ఆ లోయే పుట్టిల్లు. గమనించవలసింది ఆ సంచి రూపం. పైన కాడకు బిగించి ఉంటుంది, కింద తెరిచే ఉంటుంది.

జపానులో వాన బాధ ఎక్కువ. అక్కడ సంచితో పాటు కాగితపు గొడుగులు కూడా కడతారు. గుత్తి పైన టోపీలాగా నిలిచి, నీటిని పక్కకు జార్చి, గాలిని లోపలికి రానిస్తాయి. మహారాష్ట్రలో నాసిక్ చుట్టుపక్కల థాంసన్ సీడ్‌లెస్ గుత్తులకు వార్తాపత్రిక కాగితం చుట్టేది కుళ్లు కోసం కాదు. పగటి వేడికీ రాత్రి చలికీ ఆకుపచ్చ కాయ గులాబీ రంగుకు తిరగకుండా కాపాడడానికి. నాలుగు చోట్ల నాలుగు శత్రువులు: నల్లకుళ్లు, చిమ్మట, వాన, రంగు. ఎక్కడా సంచి అన్ని జబ్బులకూ ఒకే వైద్యం కాలేదు.

ఏ రోజు కట్టాలి

మరీ తొందరగా కడితే కాయలు పలచన చేసే పని, కాయ పెరగడానికి ఇచ్చే జిబ్బరెల్లిన్ పని మిగిలిపోతాయి. మరీ ఆలస్యమైతే పిట్టలు, ఈగలు ముందే చేరతాయి. కాయ బఠాణీ గింజ పరిమాణం దాటి, కాయలు పలచన చేయడం పూర్తయి, మెత్తబడడం ఇంకా మొదలుకాని ఆ రెండు మూడు వారాలే సరైన వేళ. ఆ వేళకు లేతకాయ తెగుళ్ల గండం గడిచి ఉంటుంది.

కట్టే ముందు గుత్తి శుభ్రంగా ఉండాలి. ఎండిన పూరేకులు, రాలిన పిందెలు, చిట్లిన కాయలు గుత్తిలో ఇరుక్కుని ఉంటే బూజుకు అదే మేత. కత్తెరతో వాటిని తీసేశాక తోటకు తగిన శిలీంధ్రనాశిని చల్లి, పూర్తిగా ఆరనిచ్చి కట్టాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పొద్దున మందు కొట్టి, మధ్యాహ్నానికే కూలీలు వచ్చారని కవర్లు తొడిగేస్తారు. గుత్తి లోపలి కాయల మధ్య తడి అప్పటికి ఆరదు. గుత్తిని చేత్తో విడదీసి లోపలి కాడ తాకి చూడాలి. వేలికి తడి తగిలితే రేపు కట్టాలి. మంచు పడిన ఉదయం కూడా అంతే, ఎండ ఎక్కి ఆకు ఆరాకే చేయి పెట్టాలి.

మందు మీద ఇంకో జాగ్రత్త. కవరు కిందకు ఎండా వానా తగలవు కాబట్టి చల్లిన మందు బయట తగ్గినంత త్వరగా లోపల తగ్గుతుందని అనుకోకూడదు. డబ్బా మీద రాసిన నిరీక్షణ కాలాన్ని పూర్తిగా పాటించాలి, ఎగుమతికి పంపేవాళ్లు మరీ. బోర్డో మిశ్రమం ఈ దశలో గుత్తి మీద తెల్లటి మరకలు మిగులుస్తుంది. 100 లీటర్ల నీటికి కిలో మైలతుత్తం, కిలో సున్నం కలిపే ఒక శాతం మిశ్రమం కత్తిరింపు తరవాత మోడుల మీద, కాండం మీద చేసే పనికి మేలు.

ఏ కవరు, ఏ ముడి

పాలిథిన్ సంచి ద్రాక్షకు పనికిరాదు. కాయ ఊపిరి తీస్తుంది, నీరు వదులుతుంది. జనవరి రాత్రి చలికి ఆ ఆవిరి సంచి లోపలివైపు చుక్కలు కడుతుంది. ఆకాశంలో మబ్బు లేకున్నా లోపల వాన పడ్డట్టే. మధ్యాహ్నం ఆ తడికి వేడి తోడవుతుంది, నల్లబూజుకు అంతకన్నా ఏం కావాలి?

కాగితం ఊపిరి పీల్చనిస్తుంది. మైనం పూసినది వానకు కాస్త నిలుస్తుంది, పూయనిది ఒక్క జల్లుకే గుత్తికి అతుక్కుని చిరుగుతుంది. నేయని గుడ్డ కవర్లు తేలిక, గాలి ఆడుతుంది, జాగ్రత్తగా విప్పితే మళ్లీ వాడుకోవచ్చు. కానీ వాన వాటిలోంచి ఇంకి లోపలికి వస్తుంది. అనంతపురం ఎండకు రంగు కూడా ముఖ్యమే. ముదురు గోధుమ కాగితం వేడిని పట్టుకుంటుంది, తెల్లది తిప్పికొడుతుంది. పందిరి నీడ సరిగా లేని వరసల్లో, పడమటి ఎండ నేరుగా పడే అంచుల్లో తెల్ల కవరు కడితే కాయ మాడదు.

ముడి కాడ దగ్గర గట్టిగా ఉండాలి. అక్కడ సందు ఉంటే పైనుంచి కారే నీరు కాడ వెంట సంచిలోకి దిగుతుంది, చీమలూ పిండినల్లి పిల్లలూ అదే దారిన వస్తాయి. అడుగున మాత్రం తెరిచి ఉంచాలి, లేదా రెండు మూలలూ కత్తిరించాలి. గుత్తి సంచిలో వేలాడాలి. అడుగున ఆనుకుని ఉంటే కాయ రాలి, చిట్లి, పులిసి మొత్తం పాడవుతుంది.

కవరు చేయలేని పనులు

పిండినల్లి కవరుకు పెద్ద పరీక్ష. పందిరి కొమ్మల బెరడు కింద దాగి, కాయ ముదిరేసరికి గుత్తిలోకి దిగుతుంది. అది విడిచే తేనెలాంటి జిగురు మీద నల్లని మసి బూజు పెరుగుతుంది. పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగును ఆస్ట్రేలియా నుంచి 1898లో మన దేశానికి తెచ్చారు. కవరు కడితే ఆ మిత్రుడు బయట, శత్రువు లోపల. అందుకే పిండినల్లి ఉన్న కొమ్మ గుత్తికి కవరు కట్టకపోవడమే నయం. ఇంకో తమాషా ఉంది. క్రిప్టోలేమస్ పిల్లపురుగు కూడా తెల్లటి పిండి కప్పుకుని పిండినల్లిలాగే కనిపిస్తుంది. చూసి చూడక నలిపేస్తే సాయానికి వచ్చినవాడిని చంపుకున్నట్టు.

చీమలను కొమ్మ మొదట్లోనే ఆపాలి. తేనె కోసం పిండినల్లిని కాపాడేవి అవే.

నీటి పంపిణీ ఇంకొకటి. కరవు జిల్లా రైతుకు ఇది చెప్పడం కష్టమే గాని చెప్పక తప్పదు. బోరు ఇంకిపోయి పది రోజులు తడి ఆగి, ట్యాంకరు వచ్చిందనో కాలువ వదిలారనో ఒక్కసారే నిండా పెడితే, కాయ ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఎండకు గట్టిపడిన చర్మం సాగలేక చిట్లుతుంది. చిట్లినది కవరులో చిట్లినా బయట చిట్లినా ఒకటే. రోజూ కొంచెం పెట్టడం కవరు కన్నా పెద్ద రక్షణ.

గుత్తి చుట్టూ ఆకులు కూడా చూడాలి. తూర్పువైపు ఒకటి రెండు ఆకులు తీస్తే పొద్దుటి ఎండకు మంచు ఆరుతుంది. పడమటివైపు ఆకు మాత్రం గొడుగు, దాన్ని ముట్టుకోకూడదు.

రకం కూడా మాట్లాడుతుంది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చిన అనాబ్-ఎ-షాహి పెద్దకాయ రకం, బూజు తెగులుకు బాగా లొంగుతుంది. థాంసన్ పలచని చర్మం వానకు చిట్లుతుంది. హిందూపురం దాటి చిక్కబళ్లాపురం వైపు పండే బెంగళూరు బ్లూ తోలు మందం, పక్షికన్నుకు గట్టి. దానికి కవరు కట్టే ఖర్చు దండగ.

అరటి నేర్పిన లెక్క

కవరు అనంతపురానికి కొత్త కాదు. పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు అరటితోటల్లో గెలలకు కవర్లు చాలాకాలంగా వేలాడుతున్నాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు ఎగుమతి అరటితో ప్రత్యేక రైలు కదిలిందంటే, మచ్చలేని గెల కోసం కవరు పడిన పాటు అందులో ఉంది. చివరి అత్తం విచ్చుకున్నాక పువ్వు కోసి తొడిగే ఆ కవరు అడుగు తెరిచే ఉంటుంది. తామర పురుగు గీతలు, ఆకు రాపిడి, దుమ్ము, ఎండ మచ్చ ఆపడం దాని పని. కోత తరవాత అత్తం కోసిన చోట వచ్చే కుళ్లును అది ఆపలేదు. దానికి కోత కత్తి శుభ్రత, కడిగే నీటి శుభ్రత కావాలి.

అరటికి పట్టిన అలవాటు ద్రాక్షకు ఎందుకు పట్టలేదో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆరడుగుల దూరంలో నాటిన ఎకరం అరటిలో సుమారు 1,210 గెలలు, అంటే 1,210 కవర్లు. తొమ్మిదడుగులు, ఐదడుగుల దూరంలో నాటిన ఎకరం ద్రాక్షలో 968 మొక్కలు. మొక్కకు 30 గుత్తులే అనుకున్నా 29,000 కవర్లు. ఒక మనిషి రోజుకు 600 గుత్తులకు కడితే దాదాపు 48 కూలిదినాలు, విప్పడానికి మళ్లీ వేరు. కవరు ధర కన్నా కూలి ధరే రైతును వెనక్కి లాగుతుంది.

దానిమ్మకు కూడా ఇదే బేరం. ఎండ మాడుకూ కాయతొలిచే పురుగుకూ గుడ్డ కప్పితే మేలు. కానీ ఈ జిల్లా దానిమ్మ తోటలను కుదేలు చేసిన బ్యాక్టీరియా మచ్చ తెగులును కప్పు నయం చేయలేదు, అప్పటికే కొమ్మలో ఉంటే కప్పు కిందే పెరుగుతుంది. మామిడిలో పండు ఈగ గుడ్డు పెట్టకముందు కడితేనే ఫలితం. గుడ్డు పెట్టిన కాయకు కడితే పురుగును పెంచినట్టే. పంట ఏదైనా సూత్రం మారలేదు.

ఎవరు కట్టాలి, ఎలా తేల్చుకోవాలి

మండీకి టోకున పోసే తోటకు 29,000 కవర్లు గిట్టవు. పిట్టల బెడద ఎక్కువ ఉన్న అంచు వరసలకు, కోత ఆలస్యంగా తీసి ఏప్రిల్ ధర కోసం ఆగే వరసలకు, ఎగుమతికీ పెద్ద దుకాణాలకూ ఏరి ఇచ్చే గుత్తులకు గిట్టవచ్చు. ఆ నిర్ణయానికి ముందు పైసా ఖర్చు లేని ఒక పరీక్ష ఉంది. పూత అయిన నెల రోజులకు తోటలో నాలుగైదు చోట్ల నుంచి పది గుత్తులు కోయండి. తడిపిన కాగితం పరిచిన అట్టపెట్టెలో వాటిని పెట్టి, మూసి, ఇంట్లో నీడన ఐదారు రోజులు ఉంచండి. గాయం లేని కాయల మీద బూజు లేస్తే, కుళ్లు అప్పటికే లోపల ఉందని అనుమానించాలి. ఆ తోటకు కవరు కొనడం కన్నా ముందు నవంబరు మందుల సంగతీ పందిరి గాలి సంగతీ చూసుకోవాలి. పెట్టెలో గుత్తి శుభ్రంగా ఉంటే, చక్కెర ఎక్కేదాకా కదలని కుళ్లు ఇంకా దాగి ఉండవచ్చు గాని, కవరు కాపాడేందుకు అక్కడ ఏదో ఉందనుకోవచ్చు.

కట్టిన వరసనూ కళ్లతో చూశాకే నమ్మాలి. వారానికోసారి వంద కవర్లకు రెండు విప్పి, వాసన చూసి, తడి తాకి, మళ్లీ కట్టండి. పులుపు వాసన వచ్చిన గుత్తిని పందిరి మీద ఉంచవద్దు, తోటలో పారేయవద్దు. పూడ్చిపెట్టండి. ఒక వరస కవరు లేకుండా వదిలి, కోతనాడు రెండు వరసల మంచికాయనూ చెడుకాయనూ విడివిడిగా తూకం వేయండి. వచ్చే ఏడు ఈ ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు, ఆ తోటకు సంబంధించినంతవరకు, ఏ వ్యాసం కన్నా ఆ రెండు తూకాలే గట్టి జవాబు.